వేలెడంత గాటులోంచి... గుండెకి షాక్!

సినిమాల్లో చూసే ఉంటారు. డాక్టరు రెండు పలకల్ని ఛాతీకి ఆనించగానే పేషెంటు ఎగిరిపడతాడు. ఆ యంత్రమే డీఫిబ్రిలేటర్. గుండె కొట్టుకోవడం మానేసి గిలగిలా వణుకుతున్నప్పుడు, ఒక్క షాక్‌తో ఆ వణుకుని ఆపి, మళ్లీ లయ అందుకునే అవకాశమిస్తుంది.

ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్లో పద్ధతి వేరు. గరిటెల్లాంటి రెండు ప్యాడిల్స్‌తో నేరుగా గుండెనే అటూ ఇటూ పట్టుకుంటారు. మధ్యలో చర్మం, ఎముకలు అడ్డుండవు కాబట్టి, బయటినుంచైతే 120 నుంచి 200 జౌల్స్ కావాల్సిన చోట 10, 20 సరిపోతాయి. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ 14 ఏళ్ల కుర్రాణ్ని బతికించింది ఇలాగే.

మరి కీహోల్ సర్జరీలో? రొమ్ము ఎముక కొయ్యరు. పక్కటెముకల మధ్య ఐదారు సెంటీమీటర్ల గాటు పెడతారంతే. అందులో గరిటెలు పట్టవు. అందుకే ముందుగానే ఒంటిమీద ప్యాడ్లు అంటిస్తారు. చిక్కేంటంటే, ఆపరేషన్ కోసం ఒక ఊపిరితిత్తిలో గాలి తీసేస్తే అది ముడుచుకుని, చుట్టూ ఛాతీలో గాలి చేరుతుంది. గాలి కరెంటుని పోనివ్వదు. షాక్ గుండెదాకా సరిగా చేరకపోవచ్చు.

బయోమెడికల్ ఇంజినీర్‌గా నేను పట్టుకున్నది ఈ చిక్కునే. మా మొదటి ఐడియా గొడుగు! ముడుచుకుని లోపలికెళ్లి, గుండె పక్కన విచ్చుకునే ఎలక్ట్రోడ్. రెండోది వీపు మీది ప్యాడ్. కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా తెరుచుకుంది.

మటన్ కొట్టునుంచి తెచ్చిన మేక గుండెని ఉప్పునీళ్లలో ఉంచి వరసగా షాకులిచ్చాం. ఎలక్ట్రోడ్ అంచు మడతపడిన చోట కమిలిన మచ్చ! కరెంటంతా ఆ కాస్త చోటే గుమిగూడిందన్నమాట. చిన్న గాటులో పట్టాలంటే ఎలక్ట్రోడ్ చిన్నగా ఉండాలి. మరీ చిన్నదైతే గుండె కాలుతుంది.

అంచులు గుండ్రంగా మార్చాం. సర్జన్ చేతికి షాక్ తగలకుండా కాడకి ఇన్సులేషన్ తొడిగాం. స్టెరిలైజ్ చేసేటప్పుడు 134 డిగ్రీల ఆవిరిని తట్టుకునే మెటీరియల్ వెతికాం. గర్వంగా తీసుకెళ్లి ఓ సీనియర్ సర్జన్ చేతిలో పెట్టాను. ఆయన గ్లవ్స్ తొడుక్కుని తెరవబోయారు. గొడుగు సగంలో ఇరుక్కుంది.

“షాకివ్వడానికి రెప్పపాటు చాలు. ఇది విచ్చుకునేదాకా పేషెంటు ఆగుతాడామ్మా?” అన్నారు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. గాటు ఎంతుందో కొలిచాం, కరెంటు కొలిచాం. టైమ్ కొలవడమే మర్చిపోయాం!

గొడుగు పక్కన పెట్టేశాం. ఇప్పుడు చేస్తున్నది మెత్తటి సిలికాన్ పట్టీ. ఆపరేషన్ మొదట్లోనే గుండె పక్కకి జార్చి ఉంచేస్తారు. అవసరమైతే బటన్ నొక్కడమే. అవసరం పడకపోతే ఇంకా సంతోషం. పరీక్షలూ అనుమతులూ చాలానే మిగిలున్నాయి. కానీ నా టేబుల్ మీద స్కేలు పక్కన ఇప్పుడో స్టాప్‌వాచ్ కూడా ఉంటోంది.