పొక్లెయిన్ నెమ్మదిస్తే తప్పు నూనెదా, కరెంటుదా?

సూరత్ అనగానే తెలుగువాళ్ళకు మరమగ్గాలు, లింబాయత్‌లో స్థిరపడ్డ నేత కుటుంబాలు గుర్తొస్తాయి. అదే నగరంలో నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్‌లో కొన్నేళ్ళుగా వినిపించేది మాత్రం తవ్వకాల చప్పుడు. 2021 జనవరి 18న భూమిపూజ జరిగిన సూరత్ మెట్రోలో, సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి వెళ్ళే మొదటి లైను ఈ ఆల్థాన్ మీదుగానే పోతుంది. అలాంటి చోట గంటల లెక్కన అద్దెకు నడిచే ఎక్స్‌కవేటర్ ఒక పూట ఆగినా యజమానికి నష్టమే. (మన ఊళ్ళలో దాన్ని పొక్లెయిన్ అంటాం. అది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, యంత్రానికే పేరైపోయింది.)

వానలు తగ్గిన వారంలో ఒక మెషిన్ ఇలా మొరాయించిందనుకుందాం. పొద్దున బాగానే తవ్వుతుంది. పదకొండు దాటాక బూమ్ లేవడం బద్ధకిస్తుంది. ఇంజిన్ చప్పుడులో తేడా లేదు, నూనె కారడం లేదు. వేడెక్కితే బలం తగ్గుతోంది కాబట్టి 'పంపు అరిగింది' అని చుట్టూ ఉన్నవాళ్ళు తేల్చేస్తారు. ఆ అనుమానంలో అర్థం లేకపోలేదు. నూనె వేడెక్కితే పలచబడుతుంది, అరిగిన పంపులో లోలోపలి లీకేజీ పెరుగుతుంది. కానీ కొత్త పంపంటే లక్షల్లో మాట. విప్పే ముందు కరెంటును కూడా అడగాలి.

ఎందుకంటే నేటి ఎక్స్‌కవేటర్‌లో నూనెకు దారి చూపేది కరెంటే. 20 టన్నుల తరగతి యంత్రంలో ప్రధాన నూనె పీడనం సుమారు 350 బార్‌ల దాకా వెళుతుంది. దాన్ని అదుపు చేసే పైలట్ పీడనం 30-40 బార్‌లే. ఆ పైలట్ నూనెను ఎంత వదలాలో నిర్ణయించే పనిలో అరచేతిలో ఇమిడే ప్రొపోర్షనల్ సోలెనాయిడ్ వాల్వులుంటాయి. కాయిల్‌లో కరెంటు పెరిగితే అయస్కాంత బలం పెరుగుతుంది, లోపలి స్పూల్ ఆ మేరకు జరుగుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. స్పూల్‌ను నెట్టే బలం వోల్టేజీని బట్టి కాదు, కరెంటును బట్టి ఉంటుంది. అందుకే కంట్రోలర్ కాయిల్‌కు సరఫరాను సెకనుకు వందలసార్లు ఆన్-ఆఫ్ చేస్తూ, ఆన్‌లో ఉండే వ్యవధిని మార్చి, సగటు కరెంటును తనకు కావలసినంత ఉంచుతుంది. దారిలో నిరోధం పెరిగితే ఆ వ్యవధిని పెంచి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకూ ఒక హద్దుంది. పూర్తిగా ఆన్‌లో ఉంచాక ఇక పెంచడానికేమీ మిగలదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. పంపు వాల్వు కాయిల్ నిరోధం 20 డిగ్రీల దగ్గర 20 ఓమ్‌లు, పూర్తి ప్రవాహానికి కావలసిన కరెంటు 0.7 ఆంపియర్లు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సరఫరా 28 వోల్టులు అనుకుందాం. వాన నీళ్ళు చేరి కనెక్టర్‌లో పిన్ను చిలుము పట్టి, అదనంగా 18 ఓమ్‌లు తోడయ్యాయి. పొద్దున 30 డిగ్రీల దగ్గర కాయిల్ 20.8 ఓమ్‌లు, మొత్తం 38.8. గరిష్ఠంగా 0.72 ఆంపియర్లు పారగలవు. పని జరుగుతుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి, కాయిల్ 80 డిగ్రీలకు చేరేసరికి దాని నిరోధం 24.7 ఓమ్‌లవుతుంది. మొత్తం 42.7 అయితే పారేది 0.66 ఆంపియర్లే. బూమ్ నెమ్మదించింది. అచ్చం అరిగిన పంపు లక్షణమే! (కరెంటు పెరిగితే ప్రవాహం పెరిగే రకం పంపుకు ఈ లెక్క. కొన్ని మెషిన్లలో తలకిందులుగా ఉంటుంది కాబట్టి సర్వీస్ మాన్యువల్ చూడకుండా తీర్పు చెప్పకూడదు.)

మామూలుగా జరిగే పొరపాటేమిటంటే, కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌ను కాయిల్ కాళ్ళకు పెడతారు. 20 ఓమ్‌లు చూపిస్తుంది. 'కాయిల్ బాగుంది' అంటారు. నిజమే, కాయిల్ బాగానే ఉంది. జబ్బు ఊడదీసిన కనెక్టర్‌లో ఉంది. పోగులు తెగి ఒకటి రెండు మిగిలిన వైరుదీ ఇదే కథ. మీటర్ నిరోధం కొలవడానికి పంపే కరెంటు అతి స్వల్పం. దానికి ఒక్క పోగు చాలు, పని చేసే కరెంటుకు చాలదు.

అందుకే పరీక్ష లోడు మీదే చేయాలి. కాయిల్‌తో వరుసలో అమ్మీటర్ పెట్టి, పైలట్ లైనుకు ప్రెషర్ గేజ్ బిగించి, లివర్ లాగినప్పుడు రెండూ కలిపి చూడాలి. కరెంటు సరిగా ఉండి పీడనం రాకపోతే స్పూల్ ఇరుక్కుంది, లేదా నూనెలో మురికి ఉంది. తప్పు నూనె వైపే. కరెంటే తగ్గితే వైరింగ్ వైపు తిరగాలి. అప్పుడు కనెక్టర్ అటు ఇటు వోల్టేజీ కొలిస్తే, ఆరోగ్యమైన అతుకు దగ్గర వోల్టులో చిన్న భాగమే పడుతుంది. మన ఉదాహరణలో 0.66ను 18తో గుణిస్తే దాదాపు 12 వోల్టులు అక్కడే పోతున్నాయి. దొంగ దొరికినట్టే.

సెన్సర్లనూ వదలకూడదు. చాలా ప్రెషర్ సెన్సర్లు 5 వోల్టుల సరఫరా మీద 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య సంకేతమిస్తాయి. సున్నాయో, పూర్తి 5 వోల్టులో కనిపిస్తే అది పీడనం కాదు, తెగిన లేదా షార్టయిన వైరు. కంట్రోలర్లు మాట్లాడుకునే క్యాన్ లైనులో రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. బ్యాటరీ స్విచ్ కట్టేసి కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది.

కొలత కోసం వైరు తొడుగును సూదితో గుచ్చే అలవాటు మానాలి. సముద్రపు గాలి తగిలే సూరత్‌లో ఆ చిల్లు నుంచే వచ్చే ఏటి చిలుము మొదలవుతుంది. అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు మరొకటి. ఎడమ చేతి పక్కనుండే సేఫ్టీ లాక్ లివర్ సోలెనాయిడ్ పనిచేయకపోతే, పని ఆగకూడదని నేరుగా వైరు వేసి కలిపేస్తారు. ఆ లాక్ పైలట్ నూనెను ఆపేది ఆపరేటర్ దిగేటప్పుడు మోచేయి తగిలినా బూమ్ కదలకుండా ఉండటానికి. కలిపేశాక దిగువన మనిషి ఉన్నా అది కదులుతుంది. ఏ పరీక్షలోనైనా, మీటర్ పెట్టే ముందు బకెట్ నేల మీద ఆన్చి ఉండాలి. గేజ్ బిగించే ముందైతే ఇంజిన్ కట్టేసి, లైన్లలో మిగిలిన పీడనం వదిలేయాలి.

ఇక మన మెషిన్‌కు కావలసింది కొత్త పిన్ను, కొత్త రబ్బరు సీలు. బిగించిన వెంటనే కాదు, మధ్యాహ్నం రెండింటికి, కాయిల్ కాగాక మళ్ళీ కొలవాలి.