పండుగ ముంగిట ఒక హెచ్చరిక

కళ్ళంలో ధాన్యపురాశిని చూచి రైతు మురిసిపోతాడు. అంతలో తూర్పున మబ్బు కనబడితే ఆ మురిపెం కొంత తగ్గుతుంది. పరుగున పోయి రాశిపై గడ్డి కప్పుతాడు. తగ్గిన ఆ కొద్ది సంతోషమే పంటను కాపాడుతుంది. రానున్న అపాయాన్ని ఎరిగిన ఆనందం ఇట్టిది.

మన దేశచరిత్రలో ఇందుకొక గొప్ప నిదర్శనం ఉన్నది. 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమైన రాజ్యాంగ పరిషత్తు దాదాపు మూడేండ్లు శ్రమించి, 395 అధికరణాలు, 8 షెడ్యూళ్ళు గల రాజ్యాంగాన్ని సిద్ధపరచింది. 1949 నవంబరు 26న దానిని ఆమోదించారు. ఆ ముందురోజున ముసాయిదా సంఘాధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్ సభలో ప్రసంగించారు. సభ్యులు పలువురు ఆయనను వేనోళ్ళ కొనియాడిన సమయమది. ఆయన ఆ ప్రశంసలో తగిన పాలు బి.ఎన్. రావు, ఎస్.ఎన్. ముఖర్జీ గార్లకు చెందవలెనని చెప్పి, రానున్న కాలంవైపు దృష్టి మరల్చారు.

రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవారు చెడ్డవారైతే అది చెడ్డదే అవుతుందన్నారు. పూర్వం సింధుదేశాధిపతి దాహిరుని సేనానులు శత్రువుల లంచానికి లొంగిన వైనం జ్ఞాపకం చేసి, చరిత్ర పునరావృత్తమవుతుందా అని ప్రశ్నించారు. 1950 జనవరి 26 నుండి రాజకీయాలలో సమానత్వం, సాంఘిక, ఆర్థిక జీవితాలలో అసమానత్వం పక్కపక్కనే ఉంటాయనీ, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే బాధితులు ఈ ప్రజాస్వామ్య సౌధాన్నే కూల్చగలరనీ హెచ్చరించారు.

ఇది నిరాశావాదమా? నిరాశ చెందినవాడు మార్గం చూపడు. అంబేద్కర్ చూపారు: రాజ్యాంగబద్ధమైన పద్ధతులను విడువరాదు, ఎంతటి మహాపురుషునికైనా మన స్వేచ్ఛను అప్పగించరాదు, రాజకీయ ప్రజాస్వామ్యాన్ని సాంఘిక ప్రజాస్వామ్యంగా మలచుకొనవలెను. మరునాడు రాజ్యాంగం ఆమోదం పొందనే పొందింది. సంతోషం ఆగలేదు, దానికి ఒక కర్తవ్యం తోడైనది.

ఏటా జనవరి 26న పాఠశాలలలో జెండా ఎగురుతుంది, పిల్లల చేతికి మిఠాయి అందుతుంది. ఆ పిల్లలందరూ ఒకే బల్లపై కూర్చుంటున్నారా, ఒకే కుండలోని నీరు త్రాగుతున్నారా, ఫీజు కట్టలేక మధ్యలోనే బడి మానినవారు ఎవరైనా ఉన్నారా అని ఆనాడే ఉపాధ్యాయుడు ఒక్కమారు విచారించితే పండుగకు వచ్చే లోటు లేదు. మబ్బును చూచి గడ్డి కప్పిన రైతుకే గింజలు ఇంటికి చేరుతాయి.