సంచిలో పట్టే పీసీఆర్

దుబాయ్ అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో మా షెడ్డుకు ఒక పక్క కార్ల గ్యారేజీ, ఇంకో పక్క అల్యూమినియం కిటికీల వర్క్‌షాపు. మధ్యలో మేం ల్యాబుల మిషన్లు బాగుచేస్తాం. మాది జగిత్యాల వైపు. ఏసీ మెకానిక్‌గా వచ్చి ఈ పని నేర్చుకున్నాను. పోయిన వారం ఒక పాత పీసీఆర్ మిషన్, అంటే డీఎన్‌ఏకు నకళ్లు తీసేది, వచ్చింది. ఇద్దరం పట్టి బల్ల మీద పెట్టాం.

వేడి చేయడం, చల్లార్చడం, ఇదే దాని పని. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి. 55-60కి దించితే మనం వెతికే చోట ప్రైమర్లనే చిన్న ముక్కలు అతుక్కుంటాయి. 72 దగ్గర ఎంజైమ్ ఒక్కో పోగుకు జత అల్లుతుంది. చుట్టుచుట్టుకూ రెట్టింపు. 30 చుట్లు తిరిగేసరికి ఒక్కటి 107 కోట్లవుతుంది. 1983లో కేరీ మల్లిస్‌కు తట్టిన ఆలోచన ఇది. పదేళ్లకు నోబెల్ వచ్చింది. తొలిరోజుల్లో మూడు నీళ్ల తొట్ల మధ్య ట్యూబులను చేత్తో మార్చేవాళ్లు.

నేను మూత విప్పితే కనిపించింది 96 గుంటల లోహపు దిమ్మ. దాని కింద పెల్టియర్ పలకలు. కరెంటు ఒక దిశలో పంపితే పలక పైభాగం వేడెక్కుతుంది, దిశ మారిస్తే చల్లబడుతుంది. ట్యూబులో ఉన్నది ఒకటి రెండు చుక్కలే. కరెంటంతా తాగేది ఆ దిమ్మ. ఒక్క దోసె కోసం హోటల్ పెనం కాల్చి, నీళ్లు చల్లి, మళ్లీ కాల్చినట్టు.

కాబట్టి పెనం చిన్నదవాలి. మినీపీసీఆర్ అనే మిషన్ తయారుచేసినవాళ్లు అదే చేశారు. ఎనిమిది ట్యూబుల దిమ్మ, అరకిలో బరువు. మా పక్కనే అల్ బర్షాలో చదివిన ఆలియా అల్ మన్సూరి రూపొందించిన ప్రయోగం 2017లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి ఆ బుల్లి మిషన్ మీదే నడిచింది. నాకు అంతకన్నా దగ్గరిది గోవాలోని మోల్‌బయో తయారుచేసే ట్రూనాట్. బ్యాటరీ మీద నడుస్తుంది. రసాయనాలు ఎండబెట్టిన రూపంలో వస్తాయి, ఫ్రీజర్ అక్కర్లేదు. టీబీ ఉందో లేదో దాదాపు గంటలో తేలుస్తుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. మా చిన్నాన్న తెమడ సీసా బస్సెక్కి పట్నం పోయి, జవాబు వచ్చేసరికి ఆయన సగమైపోయాడు. అప్పుడు మా ఊరి దవాఖానాలో ఇలాంటిది ఉండి ఉంటే అనుకోని రోజు లేదు.

చిన్నదైతే చాలదు, విప్పగలగాలి కూడా. వేడికి సాగి, చలికి కుంచించుకుని పెల్టియర్ లోపలి టంకం చిట్లుతుంది. మా బల్ల మీది మిషన్‌లో పోయింది ఒక్క పలకే. అమ్మినవాళ్లు మాత్రం దిమ్మ మొత్తం మార్చాలన్నారట. నాలుగు మరలు తీస్తే పలక ఒక్కటే ఊడివచ్చేలా కట్టడం కష్టమేమీ కాదు. ఇక్కడి కిటికీల మిస్త్రీ కూడా అలాగే బిగిస్తాడు. మిగతావాటితో రెసిస్టెన్స్ సరిపోయే పలక వెతికి బిగించడానికి నాకు రెండు రోజులు పట్టింది. మిషన్ మళ్లీ తిరుగుతోంది.

తీసుకెళ్లడానికి వచ్చిన ల్యాబ్ కుర్రాడికి ఒకటే చెప్పాను.

"పని అయ్యాక రాత్రంతా నాలుగు డిగ్రీల మీద ఉంచకు తమ్ముడూ. పన్నెండు పెట్టు, డీఎన్‌ఏకేమీ కాదు. పలకలూ నాలుగు కాలాలు ఉంటాయి."