బ్రిటిష్ ఏల్‌ని ఇంట్లో అచ్చంగా దించడం ఎలా? (ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్)

ఈ రోజు టాపిక్ కొంచెం తేడాగా ఉంటుంది. బ్రిటన్‌లో కొంతమందికి ఒక పిచ్చి ఉంది. పబ్బులో తాగిన బీరుని అచ్చం అలాగే ఇంటి వంటగదిలో తయారుచేయాలని చూస్తారు. దీన్ని క్లోన్ అంటారు. దొంగ సరుకు కాదు, అమ్మరు కూడా. తాము తాగడానికి, ఫ్రెండ్స్‌కి పోయడానికి మాత్రమే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ సొంతానికి బీరు కాచుకోవచ్చు, అమ్మితేనే తప్పు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో కాచడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. తాగడానికే 21 ఏళ్లు నిండాలి. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇది వింటున్నవాళ్లు తెలుసుకోవడానికి వినండి, చేయడానికి కాదు.

ఇక్కడ కూడా ఒకప్పుడు లైసెన్సు కావాల్సిందే. 1963లో అప్పటి ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని తీసేశాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు పీపా బీరు పక్కన పెట్టి, గ్యాస్ నింపిన కెగ్ బీరుని పబ్బుల్లోకి దించాయి. అది నచ్చని తాగుబోతులంతా, అదే, బీరు ప్రియులంతా కలిసి 1971లో కామ్రా అనే సంఘం పెట్టారు. 1978లో డేవ్ లైన్ అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. పేరు 'బ్రూయింగ్ బీర్స్ లైక్ దోజ్ యూ బై'. నువ్వు కొనే బీర్లలాంటివే నువ్వే కాచుకో అని. క్లోన్ల పిచ్చికి ఊపు ఇచ్చింది ఆ పుస్తకమే అని నా అభిప్రాయం.

సరే, అసలు పని. మీ చేతిలో ఒక సీసా ఉంది. దాని రెసిపీ ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లో మద్యం సీసా మీద పదార్థాలన్నీ రాయాలనే రూల్ కూడా లేదు. అలర్జీ తెచ్చేవి, ఆల్కహాల్ శాతం ఉంటే చాలు. అయినా ఆ ఒక్క శాతం నుంచే వెనక్కి లెక్క కట్టొచ్చు.

మన పాలకేంద్రంలో పాలల్లో లాక్టోమీటర్ ముంచుతారు కదా, అలాంటిదే హైడ్రోమీటర్. ద్రవం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. సీసాలో బీరుని గ్లాసులో పోసి, గ్యాస్ అంతా పోయేదాకా గిలక్కొట్టి, అందులో ముంచుతారు. 1.010 చూపించింది అనుకుందాం. లేబుల్ మీద 4.1 శాతం ఉంది. చిక్కదనం ఒక్కో పాయింటు తగ్గితే సుమారు 0.131 శాతం ఆల్కహాల్ వస్తుంది. 4.1ని 0.131తో భాగిస్తే 31. అంటే పులియకముందు ఆ ద్రవం 1.041 దగ్గర ఉండేదన్నమాట. ఇంట్లో సాధారణంగా కాచే 23 లీటర్లకి, ఆ చిక్కదనం రావాలంటే నాలుగు కిలోల పైచిలుకు మాల్ట్ పడుతుంది.

మాల్ట్ అంటే కంగారు పడకండి. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి చేసి రాగి మాల్ట్ చేస్తాం కదా. ఇక్కడ రాగుల బదులు బార్లీ. ఆ నూకని సుమారు 66 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడితే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లు వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు.

ఇక్కడ ఫుల్లర్స్ అనే లండన్ కంపెనీ గురించి చెప్పాలి. వాళ్ల చిస్విక్ బిట్టర్, లండన్ ప్రైడ్, ఈఎస్‌బీ మూడూ వేర్వేరు రుచులు. కానీ మూడింటికీ మాల్ట్ మిశ్రమం ఒకటే! ఎలాగంటారా? ఫిల్టర్ కాఫీ గుర్తు తెచ్చుకోండి. మొదటి డికాషన్ చిక్కగా దిగుతుంది, అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే రెండోది పలచగా వస్తుంది. ఫుల్లర్స్ వాళ్లు కూడా ఆ రెండూ విడివిడిగా తీసి మరిగించి, ఒక్కో బీరుకి ఒక్కో పాళ్లలో కలుపుతారు. దీని పేరు పార్టీగైల్. ఇది తెలియని క్లోన్ రెసిపీలు మూడు బీర్లకి మూడు మాల్ట్ జాబితాలు రాసేస్తుంటాయి. అమెరికన్ రెసిపీలు అయితే ఎరుపు రంగు కోసం క్రిస్టల్ మాల్ట్ గుమ్మరిస్తాయి. పాత బ్రిటిష్ బీర్లలో చాలావాటికి ఆ రంగు, ఆ ఎండు పండ్ల వాసన ఇచ్చింది ఇన్‌వర్ట్ షుగర్ అనే బెల్లంరంగు పాకం.

తర్వాత నీళ్లు. బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరి బావినీళ్లలో లీటరుకి 600 మిల్లీగ్రాముల పైనే సల్ఫేట్ ఉంటుంది. అంతా నేల కింద ఉన్న జిప్సం మహిమ. వేరుశనగ చేలో వేస్తారే, అదే జిప్సం. దానివల్ల హాప్స్ చేదు గరుగ్గా కాకుండా తేటగా, పొడిగా తగులుతుంది. 19వ శతాబ్దంలో ఇండియా పేల్ ఏల్, మన దేశం పేరు పెట్టుకున్న బీరు, ఈ ఊరి నుంచే ఓడలకెక్కి పెద్ద పేరు తెచ్చుకుంది. లండన్ నీళ్లు వేరు, అందులో కార్బోనేట్ ఎక్కువ. నల్లటి పోర్టర్‌కి బాగుంటుంది, బిట్టర్‌కి మాత్రం ముందు సరిచేసుకోవాలి. అందుకే క్లోన్ చేసేవాళ్లు ముందు తమ కుళాయి నీళ్ల రిపోర్టు చదువుతారు, తర్వాత తినడానికి పనికొచ్చే గ్రేడు జిప్సం గ్రాముల్లో తూచి వేస్తారు.

ఇంత చేసినా కొన్నిసార్లు రుచి దగ్గరికి కూడా రాదు. కారణం ఈస్ట్. నా లెక్కలో క్లోన్‌కి ప్రాణం ఇదే. ఒకే ఇడ్లీ పిండి కొలతలు ఇచ్చినా రెండిళ్లలో రెండు రకాల పులుపు వస్తుంది చూడండి, అలాగ. ఫుల్లర్స్ ఈస్ట్ నారింజ మార్మలేడ్ లాంటి వాసన ఇస్తుంది, పని అయ్యాక గడ్డలు కట్టి త్వరగా అడుక్కి దిగిపోతుంది. దాని బదులు ఏ వాసనా ఇవ్వని ఈస్ట్ వేస్తే మిగతా అంతా సరిగ్గా ఉన్నా అది లండన్ ప్రైడ్ కాదు. ఇలాంటి స్వభావం ఉన్న ఈస్ట్‌లు ల్యాబ్ కంపెనీలు అమ్ముతాయి. ఇంకో దారి కూడా ఉంది. ఫుల్లర్స్ 1845 లాంటి కొన్ని బీర్లు సీసాలో కూడా పులుస్తాయి. అడుగున సన్నటి మడ్డి ఉంటుంది, అది బతికున్న ఈస్టే. బీరు మెల్లగా వంచేసుకుని, ఆ మడ్డిలో కాచి చల్లార్చిన మాల్ట్ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కొన్ని రోజులు పెంచుతారు. మన పెరుగు తోడు లాంటిదే. అయితే కొన్ని కంపెనీలు సీసాకి వేరే ఈస్ట్ వాడతాయి, అది చూసుకోవాలి. ఉష్ణోగ్రత కూడా 17 నుంచి 20 డిగ్రీల మధ్య ఆపాలి. పైకి పోతే పండ్ల వాసన కాస్తా నెయిల్ పాలిష్ వాసన అవుతుంది.

ఒక జాగ్రత్త. పులియడం పూర్తికాకుండా సీసాల్లో నింపితే లోపల గ్యాస్ పెరిగి గాజు పగులుతుంది. ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. హైడ్రోమీటర్ వరుసగా రెండుమూడు రోజులు ఒకే అంకె చూపించాకే సీసా పట్టుకోవాలి.

ఇంకో చిక్కు పోయడంలో ఉంది. పబ్బులో పీపా బీరు కల్లు లాంటిది, లోపల ఇంకా పులుస్తూనే ఉంటుంది. తెరిచాక కొన్ని రోజుల్లో అవగొట్టాలి. గ్యాస్ తక్కువ, చల్లదనం 12 డిగ్రీల చుట్టూ. ఇంట్లో క్లోన్ కాచి, ఫ్రిజ్‌లో గడ్డకట్టేలా పెట్టి, కూల్‌డ్రింక్ అంత గ్యాస్‌తో తాగి 'అలా లేదే' అంటే ఎలా ఉంటుంది? అదే కంపెనీ సీసా బీరు, పీపా బీరు కూడా ఒకదానితో ఒకటి పోలవు. దేన్ని దించుతున్నామో ముందే తేల్చుకోవాలి.

దించామో లేదో తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. కళ్లకి గంత కట్టుకుని రుచి చూడాలి. రెండింటిలో ఒకటే బీరు, మూడోది వేరే. ఆ వేరేది ఏదో పట్టుకోలేకపోతే క్లోన్ పాసైనట్టే. ఒక్కసారి తప్పితే సరిపోదు, చాలాసార్లు, చాలామందితో చేయాలి.

ఇంత తంటా ఎందుకు, షాపులో కొనుక్కోవచ్చుగా అంటారు. కొనుక్కోడానికి ఉంటే కదా! లండన్ వాండ్స్‌వర్త్‌లో యంగ్స్ వాళ్ల బ్రూవరీ 2006లో మూతపడి, బీరు బెడ్‌ఫర్డ్‌కి మారింది. 2019లో ఫుల్లర్స్ బీరు వ్యాపారాన్ని జపాన్ కంపెనీ అసాహీ కొనేసింది. బర్టన్‌లో మార్‌స్టన్స్ పెడిగ్రీని పులియబెట్టిన ఓక్ పీపాల వరుసలు, బర్టన్ యూనియన్లు అంటారు, వాటిని 2024లో ఆపేశారు. ఒక సెట్టు థార్న్‌బ్రిడ్జ్ అనే బ్రూవరీకి చేరింది. పేరు అదే ఉంటుంది, లేబుల్ అదే ఉంటుంది, లోపల రుచి మెల్లగా జరిగిపోతుంది. ఫిర్యాదు చేద్దామన్నా పక్కన పెట్టి పోల్చడానికి పాతది మన దగ్గర ఉండదు. డేవ్ లైన్ పుస్తకంలో ఉన్న బీర్లలో కొన్ని ఇప్పుడు ఏ పబ్బులోనూ దొరకవు. ఆ పేజీల్లో గ్రాముల లెక్కలు మాత్రం ఉన్నాయి. ఎవరో ఒకరు శనివారం పొద్దున్నే స్టవ్ వెలిగించి, 23 లీటర్లు కాస్తే, ఆ బీరు మళ్లీ ఒక 40 గ్లాసులు ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మడ్డి నుంచి ఈస్ట్ పెంచడం స్టెప్ బై స్టెప్ చూపిస్తాను. ఉంటాను మరి.