మదనపల్లె మిషనుకు జపానులోని తోబుట్టువు

మదనపల్లెలో 1863వ సంవత్సరమున డాక్టరు జేకబ్ ఛేంబర్లేను గారు మిషను కేంద్రమును నెలకొల్పిరి. ఆయనను పంపినది అమెరికాలోని రిఫార్మ్‌డు సంఘము. సోమల, పుంగనూరు ప్రాంతములవా రెరిగిన ఆర్కాటు మిషను ఆ సంఘమువారిదే. ఆ సంఘమే 1859లో గిడో వర్బెక్కు మొదలగువారిని జపానునకు పంపెను. అచ్చట వారి కృషియు, ప్రెస్బిటేరియను సంఘమువారి కృషియు కలసి మెయిజీ గకుయిన్ అను విద్యాలయముగా రూపొందెను.

దాని మూలము కూడ 1863 నాటిదే. ఆ యేట యొకొహామాలో డాక్టరు జేమ్సు హెప్‌బర్ను గారి యింట చిన్న బడి ప్రారంభమయ్యెను. ఆయన భార్య క్లారా గారు ఇంగ్లీషు నేర్పుచుండిరి. క్రైస్తవము నిషిద్ధమని చాటు పలకలు నిలిచియున్న కాలమది. అవి 1873లో గాని తొలగలేదు. కావున ఆ దంపతులు చదువుతోను, వైద్యముతోను సేవ సాగించిరి. తెలుగునకు సి. పి. బ్రౌను గారి నిఘంటువు ఎట్టిదో, జపాను భాషకు 1867లో వెలువడిన హెప్‌బర్ను గారి నిఘంటువు అట్టిది.

1886లో మూడు పాఠశాలలు ఏకమై మెయిజీ గకుయిన్ ఏర్పడెను. మరుసటి యేట అది టోకియోలోని షిరొకానెకు చేరెను. హెప్‌బర్ను గారు తొలి అధ్యక్షులైరి. ప్రసిద్ధ రచయిత షిమజాకి టోసన్ 1891లో అచ్చటనే పట్టము పొందెను.

విద్యాలయమునకు అగ్నిపరీక్ష 1899లో వచ్చెను. ప్రభుత్వ గుర్తింపుగల పాఠశాలలలో మతబోధ కూడదని విద్యాశాఖ ఆజ్ఞాపించెను. గుర్తింపును వదలుకొన్నచో విద్యార్థులకు పైచదువులకు పోవు అర్హతయు, సైనికసేవను వాయిదా వేయించుకొను హక్కును పోవును. అట్టి బడికి బిడ్డలను పంపుటకు తలిదండ్రులు జంకరా? అయినను అధ్యక్షులు ఇబుక కజినొసుకె గారును, తోడివారును గుర్తింపునే వదలుకొని, మతబోధను నిలుపుకొనిరి. పిమ్మట అధికారులతో చర్చించి, పోయిన హక్కులను క్రమముగా మరల సాధించిరి.

అంతటి దార్ఢ్యముగల సంస్థయు తరువాతి యుద్ధకాలమున తలయొగ్గెను. సైనిక ప్రభుత్వమునకు సహకరించెను. 1949లో విశ్వవిద్యాలయ స్థాయి నందుకొనెను గాని, ఆ మచ్చ మాసిపోలేదు. యుద్ధము ముగిసిన యేబదియేండ్లకు, 1995లో, సంస్థ తన తప్పిదమును బహిరంగముగా ఒప్పుకొనెను.

1899 నాటి పట్టుదలను చెప్పుకొనుట ఏ సంస్థకైనను సులభము. దాని ప్రక్కనే యుద్ధకాలపు దౌర్బల్యమునుగూడ తన చరిత్రలో వ్రాసికొనుట కష్టము. ఆ కష్టమైన పనిని చేయుటవలన మెయిజీ గకుయిన్ తన విద్యార్థులకు మరియొక పాఠము నేర్పినది.