పరికరాలు బీరువాలో, పిల్లలు బయట

మూడు అగ్గిపుల్లలు, మూడు సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు. ఒక్కొక్క మూలలో రెండు పుల్లల కొనలను ట్యూబు ముక్కలోకి దూరిస్తే త్రిభుజం తయారవుతుంది. వేలితో నొక్కినా దాని ఆకారం చెదరదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేస్తే మాత్రం కొద్దిగా నొక్కగానే పక్కకు వాలిపోతుంది. మూల నుంచి మూలకు మరికాస్త పొడవైన పుల్లను అడ్డంగా బిగిస్తే తిరిగి గట్టిపడుతుంది. రైలు వంతెనల ఇనుప చట్రాలలోను, రేకుల షెడ్ల కప్పులలోను త్రిభుజాలే ఎందుకు కనిపిస్తాయో ఎనిమిదేళ్ల పిల్లవాడికి తెలియడానికి ఇంతకు మించిన సామగ్రి అవసరం లేదు.

ఇటువంటి బోధనకు దేశమంతటా ప్రాచుర్యం కల్పించినవారు అరవింద్ గుప్తా. కాన్పూర్ ఐ.ఐ.టి.లో ఇంజనీరింగ్ చదివి, పుణెలోని మోటారు వాహనాల కర్మాగారంలో పనిచేస్తున్న ఆయన 1978లో ఏడాది పాటు సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్లారు. పల్లె సంతలో దొరికే చవక వస్తువులే ప్రయోగశాల కాగలవని అక్కడే నిరూపించారు. ఆయన కృషికి కేంద్ర ప్రభుత్వం 2018లో పద్మశ్రీ ప్రకటించింది.

బడిలో పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే గది ఒకటి ఉండాలన్న ఆలోచనకు ఇప్పుడు ప్రభుత్వ ఆదరణకు, నిధులకు కొరత లేదు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో ప్రారంభమైంది. దాని కింద దేశంలో పదివేల పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబ్‌లు వెలిశాయి. ఒక్కొక్క పాఠశాలకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయల గ్రాంటు నిర్ణయించారు. ఇందులో సగం ఏర్పాటుకు, మిగిలిన సగం అయిదేళ్ల వరకు నిర్వహణకు. త్రీడీ ప్రింటర్లు, రోబో విడిభాగాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు వీటిలో ఉంటాయి. మరో అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించింది. పాత గ్రాంటు లెక్కనే వర్తింపజేస్తే ఇది పదివేల కోట్ల రూపాయల కార్యక్రమం అవుతుంది.

అయితే ఈ ల్యాబ్‌లు ఆరవ తరగతి నుంచి పన్నెండవ తరగతి వరకు చదివే వారికే ఉద్దేశించినవి. మైదాన ప్రాంతంలో ల్యాబ్‌కు 1500 చదరపు అడుగుల స్థలం ఉండాలన్నది మొదటి నిబంధనలలో ఒకటి. రెండు గదుల ప్రాథమిక పాఠశాలకు అది ఊహకందని కొలత. లెక్కలంటే భయం, ప్రశ్న అడగాలంటే జంకు పిల్లల్లో స్థిరపడేది అంతకు ముందున్న అయిదేళ్లలోనే. ఆ అయిదేళ్లలో వారి చేతికి ఏమి అందుతున్నది అన్నదే అసలు ప్రశ్న.

తాళం పడిన సామగ్రి

ప్రాథమిక పాఠశాలలను ప్రభుత్వాలు ఎన్నడూ పట్టించుకోలేదని అనలేము. 1986 జాతీయ విద్యావిధానం తరువాత, 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి సమకూర్చడం దాని లక్ష్యం. సైన్స్ కిట్, గణిత కిట్, చిన్న పనిముట్ల పెట్టె, పటాలు, ఆటవస్తువులు ఆ సామగ్రిలో భాగం. పెట్టెలు ఊళ్లకు చేరాయి. కానీ చాలాచోట్ల అవి బీరువాలోనే ఉండిపోయాయి. వాటితో పాఠం ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు తగినంత శిక్షణ అందలేదు. అదీగాక స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు విరిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ప్రధానోపాధ్యాయుడే. పిల్లల చేతికిచ్చి ఇబ్బందుల్లో పడేకంటే తాళం వేయడమే క్షేమమని ఆయన అనుకుంటే తప్పు ఆయన ఒక్కడిదీ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ఆర్థిక సాయంతో 1980లలో ఆరంభమైన ప్రాథమిక విద్యా పథకం ఈ లోపాన్ని సరిదిద్దడానికి ప్రయత్నించింది. పిల్లలు చేసి, పరిశోధించి నేర్చుకోవాలనీ, ఊరి పరిసరాలే పాఠ్యవస్తువులు కావాలనీ, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించాలనీ అది సూత్రాలు రూపొందించింది. ఉపాధ్యాయులు తరచు కలుసుకుని అనుభవాలు పంచుకోవడానికి కేంద్రాలు నెలకొల్పింది. 1990ల మధ్యలో ఆ విదేశీ సాయం ముగిసింది. గోడలకు దారాలు కట్టి వేలాడదీసిన బొమ్మలు ఆనాడు ఉద్యోగం చేసిన ఉపాధ్యాయులకు ఇప్పటికీ గుర్తే. బొమ్మలను వేలాడదీయడం తేలిక. వాటి వెనుక ఉండవలసిన బోధనను నిలబెట్టడం కష్టం.

హోషంగాబాద్ నేర్పిన పాఠం

ఈ కష్టాన్ని అందరికంటె ముందుగా గుర్తించినది హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమమే. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో దీన్ని ప్రారంభించాయి. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత ఆ బాధ్యత స్వీకరించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పల్లె ఉపాధ్యాయులతో కూర్చుని ప్రయోగాలు రూపొందించారు.

ఇక్కడి ప్రత్యేకత సామగ్రి కాదు, ఏర్పాటు. ఉపాధ్యాయులకు వేసవి శిక్షణతో సరిపెట్టకుండా నెలనెలా సమావేశాలు జరిపారు. ప్రయోగం విఫలమైతే ఎందుకు విఫలమైందో అక్కడే చర్చించేవారు. పాఠశాలలకు వెళ్లి చూసివచ్చే బృందాలు ఉండేవి. అన్నిటికంటె ముఖ్యంగా పరీక్షనే మార్చారు. పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకునే రాసేవారు, చేతితో ప్రయోగం చేసి చూపేవారు. పరీక్ష కంఠస్థాన్ని కొలవనప్పుడు బోధన కూడా కంఠస్థాన్ని వదులుకుంటుంది.

ముప్పై ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమం సుమారు వెయ్యి పాఠశాలలకు వ్యాపించింది. పిల్లలు పరీక్షల్లో వెనుకబడుతున్నారన్న విమర్శల నడుమ 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. శాస్త్రవేత్తల, విద్యావేత్తల నిరసన ఫలించలేదు. దశాబ్దాల శ్రమతో పెరిగిన పద్ధతి ఒక్క ఉత్తర్వుతో ఆగిపోగలదన్నది హోషంగాబాద్ నేర్పిన రెండవ పాఠం.

చిన్న తరగతుల్లో చిగురించిన ప్రయత్నం

ప్రాథమిక తరగతులలో ఇటువంటి బోధనకు దారి చూపినది తెలుగు నేలే. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతులకు బోధించే బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు కార్డుల పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ ఒక కృత్యం జోడించారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో గోడమీది నిచ్చెన పటం చెబుతుంది. జ్వరంతో వారం రోజులు బడి మానిన బిడ్డ తిరిగి వచ్చి, ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు.

రిషివ్యాలీని చూసివచ్చిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు 1995లో 'నలి కలి' ప్రారంభించారు. కన్నడంలో ఆ మాటకు ఆడుతూ నేర్చుకో అని అర్థం. యునిసెఫ్ తోడ్పాటుతో మొదలైన ఆ ప్రయోగం తరువాత కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల కింది తరగతులకు విస్తరించింది. చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్న ఎం.పి. విజయకుమార్ 2003లో కార్పొరేషన్ పాఠశాలల్లో ఇదే మార్గం అనుసరించారు. 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటా కృత్యాధార బోధన అమలులోకి వచ్చింది. నల్లబల్లలు గోడ పొడవునా నేలకు దగ్గరగా, పిల్లల చేతికందే ఎత్తులో అమర్చారు. కార్డుల ట్రేలు బీరువాలో కాక పిల్లలకు అందే అరలలో ఉంచారు. ఉపాధ్యాయుడు బల్ల వదిలి చాప మీద కూర్చున్నాడు. ఖర్చుతో పోలిస్తే ఈ మార్పు చిన్నదే, బోధన దృష్టితో చూస్తే చాలా పెద్దది.

ఏమి కావాలి?

ఈ అనుభవాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రాథమిక పాఠశాలలో సృజన గదికి కావలసినవి స్పష్టమవుతాయి. విడిగా గది లేకపోతే ఒక మూల చాలు. టేపు, త్రాసు, అయస్కాంతం, భూతద్దం, కత్తెర, జిగురు కొనవలసినవి. గింజలు, చీపురుపుల్లలు, కొబ్బరి చిప్పలు, సీసా మూతలు, పాత పత్రికలు పిల్లలే తెస్తారు. విరిగే వస్తువు విరుగుతుందన్న అంచనాతో ఏటా కొంత సొమ్ము విడిగా కేటాయించి, విరిగినందుకు సంజాయిషీ అడగరాదని ఉత్తర్వు ఇవ్వాలి. కాలపట్టికలో ఆ మూలకు నిర్దిష్టమైన సమయం ఉండాలి. ఉపాధ్యాయులు నెలకొకసారైనా కలుసుకునే వేదిక నడవాలి. చేసి చూపినదానికి పరీక్షలో విలువ దక్కాలి.

విధాన పత్రాలు ఇందుకు అడ్డు కావు. 2020 జాతీయ విద్యావిధానం అనుభవపూర్వక అభ్యసనాన్ని అన్ని దశలకూ సిఫారసు చేసింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదుయీ పిటారా' పేరుతో ఆటవస్తువులు, బొమ్మలు, కార్డులతో కూడిన పెట్టెను విడుదల చేసింది. అయితే 2024-25 అధికారిక లెక్కల ప్రకారమే దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. అయిదు తరగతులు, మధ్యాహ్న భోజనం, హాజరు నమోదు, ఆన్‌లైన్ నివేదికలు అన్నీ ఒక్కరే చూసుకునే చోట పెట్టె తెరిచే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ రెండవ ఉపాధ్యాయుడిని నియమించడం కూడా ప్రయోగశాల ఖర్చులో భాగమేనని ఆర్థిక శాఖలు అంగీకరించవలసి ఉంది.

రాబోయే అయిదేళ్లలో నెలకొల్పే ల్యాబ్‌ల సంఖ్యను ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. దానితోపాటు మరొక లెక్క కూడా వేయడం మంచిది. గడిచిన వారంలో ఎన్ని బడుల్లో బీరువా తాళం తీశారు, ఎందరు పిల్లలు ఆ వస్తువులను చేతితో పట్టుకున్నారు? 1987లో ఆ లెక్క అడిగినవారు లేరు. ఆనాడు ఒకటో తరగతిలో చేరినవారి పిల్లలు ఇప్పుడు అవే బడుల్లో కూర్చుంటున్నారు.