గేమింగ్ మానిటర్ కొనుగోలు: అట్టపెట్టె అంకెలతో జాగ్రత్త

పుదుచ్చేరి: యానాం నుంచి ఉన్నత చదువుకై పుదుచ్చేరికి వచ్చే విద్యార్థికి తన కేంద్రపాలిత ప్రాంతపు రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరం. పట్టణంలోని సారం వంటి పేటలో ఒక అద్దె గది, ఒక బల్ల, ఒక లాప్‌టాప్ సమకూరితే చదువుకు సరంజామా సిద్ధమైనట్లే. ఆపై పుట్టే కోరిక పెద్ద తెర. పగలు ప్రోగ్రామింగ్ అభ్యాసానికి, రాత్రి స్నేహితులతో ఆటకు ఒకే తెర ఉపయోగపడుతుందన్న ఆశ అందుకు కారణం. ఇంటి నుంచి వచ్చే సొమ్ములో నెలనెలా కొంత మిగిల్చి కూడబెట్టిన పది పన్నెండు వేల రూపాయలతో దుకాణంలో అడుగుపెట్టే ఆ యువకుడికి ఎదురయ్యేది మానిటర్ల కంటే ముందు అంకెల వరుస. 165 హెర్ట్జ్, 180 హెర్ట్జ్, ఒక మిల్లీ సెకను, హెచ్‌డీఆర్ అంటూ ప్రతి అట్టపెట్టె తన గొప్ప తాను చెప్పుకుంటుంది. వీటిలో ఏది అవసరం, ఏది ఆడంబరం అన్న విచక్షణ లేకపోతే కూడబెట్టిన సొమ్ము వృథా కాక తప్పదు.

ఊరినిబట్టి పన్ను మారదు

కంప్యూటర్ పరిశ్రమకు పుదుచ్చేరి కొత్త కాదు. పన్ను రాయితీల కారణంగా హెచ్‌సీఎల్, విప్రో వంటి సంస్థలు గతంలో ఇక్కడ కంప్యూటర్లను తయారు చేశాయి. లెనోవో సంస్థ తన పుదుచ్చేరి కర్మాగారంలో ఏడాదికి 50,000 కృత్రిమ మేధ సర్వర్లను ఉత్పత్తి చేయగలమని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అమ్మకం పన్ను రాష్ట్రానికొక తీరుగా ఉన్న రోజుల్లో, పొరుగు రాష్ట్రం కంటే ఇక్కడ కొన్ని వస్తువులు చౌక అన్న పేరు కూడా ఈ పట్టణానికి ఉండేది.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి రావడంతో ఆ వ్యత్యాసానికి తెరపడింది. మానిటర్‌ను సారంలో కొన్నా, కాకినాడలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా పన్ను రేటు ఒక్కటే. అయితే ఆ రేటు కాలక్రమంలో మారుతూ వచ్చింది. తొలుత 20 అంగుళాల కంటే పెద్ద మానిటర్లపై 28 శాతం పన్ను ఉండేది. 32 అంగుళాల వరకు గల తెరలపై దీనిని 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అంతకంటే పెద్ద మానిటర్లు కూడా 18 శాతం శ్రేణిలోకి వచ్చాయి. పది వేల రూపాయల మూల ధర గల మానిటర్‌పై 28 శాతం చొప్పున పన్ను 2,800 రూపాయలు కాగా, 18 శాతం చొప్పున 1,800 రూపాయలే. ఆటలు ఆడేవారు ఎక్కువగా కోరే 24, 27 అంగుళాల తెరలకు 2019 నుంచే ఈ ఊరట లభించింది. కనుక పన్ను కోసం ఊళ్లు తిరగవలసిన పని లేదు. వినియోగదారుడు ఆదా చేయగలిగేది సరైన ఎంపిక ద్వారానే.

హెర్ట్జ్ ఎంత ఉంటే చాలు?

మానిటర్ తెరపై బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో తెలిపే కొలమానమే హెర్ట్జ్. 60 హెర్ట్జ్ తెరపై ఒక్కొక్క బొమ్మ సుమారు 16.7 మిల్లీ సెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్ వద్ద అది 6.9 మిల్లీ సెకన్లకు, 240 హెర్ట్జ్ వద్ద 4.2 మిల్లీ సెకన్లకు తగ్గుతుంది. అంటే 60 నుంచి 144కు మారినప్పుడు దాదాపు పది మిల్లీ సెకన్ల మేలు కలుగుతుండగా, 144 నుంచి 240కి వెళ్లినప్పుడు దక్కేది మూడు మిల్లీ సెకన్ల లోపే. మొదటి మార్పు సాధారణ ఆటగాడి కంటికి స్పష్టంగా తెలుస్తుంది. రెండవది పోటీల్లో పాల్గొనే వారికి మాత్రమే విలువైనది. పరిమిత బడ్జెట్‌లో 144 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఆగిపోవడం వివేకమనిపించుకుంటుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మానిటర్ తనంతట తాను బొమ్మలను సృష్టించదు. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు పంపిన వాటిని చూపడమే దాని పని. బావి అడుగంటితే పెద్ద బొక్కెన వేసినా ప్రయోజనం ఉండదు. సెకనుకు 50 బొమ్మలను మాత్రమే తయారు చేయగల లాప్‌టాప్‌కు 180 హెర్ట్జ్ తెర జోడించినా ఆ ఆటలో కొత్తగా కనిపించే బొమ్మలు 50 మాత్రమే. కావున కొనుగోలుకు ముందు తాను ఆడే ఆటలో తన యంత్రం సెకనుకు ఎన్ని బొమ్మలు ఇస్తున్నదో చూసుకోవాలి. అనేక ఆటల సెట్టింగులలో ఈ సంఖ్యను తెర మూలన చూపే వీలుంది. వాలరెంట్ వంటి పోటీ ఆటలు సాధారణ యంత్రాలపైనా వేగంగా నడుస్తాయి. చలనచిత్రాలను తలపించే భారీ దృశ్యాల ఆటలకు శక్తిమంతమైన కార్డు అవసరం.

తీగ విషయంలోనూ జాగ్రత్త అవసరం. లాప్‌టాప్‌లో పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మను సాధారణంగా 120 హెర్ట్జ్ వరకే పంపగలదు. డిస్‌ప్లేపోర్ట్ గానీ, హెచ్‌డీఎంఐ 2.0 గానీ ఉంటే ఈ అడ్డంకి తొలగుతుంది. అన్నీ సవ్యంగా ఉన్నా విండోస్‌లోని డిస్‌ప్లే సెట్టింగులలో రేటును మార్చకపోతే కొత్త మానిటర్ 60 హెర్ట్జ్ వద్దనే పని చేస్తూ ఉండిపోవచ్చు. డబ్బు పోసి కొన్న వేగం ఈ చిన్న పొరపాటు వల్ల వినియోగానికి రాకుండా పోతుంది.

తెర పెరిగితే భారమూ పెరుగుతుంది

ఫుల్ హెచ్‌డీ తెరపై సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. క్వాడ్ హెచ్‌డీ తెరపై ఆ సంఖ్య 36.9 లక్షలు. 4కే తెరపై 82.9 లక్షలు. ప్రతి చుక్కనూ గ్రాఫిక్స్ కార్డే నింపాలి గనుక, క్వాడ్ హెచ్‌డీకి మారితే దానిపై దాదాపు 78 శాతం అదనపు భారం పడుతుంది. మానిటర్‌కు చెల్లించే ధరతో ఖర్చు ముగియక, కొత్త కార్డు కొనవలసిన పరిస్థితి ఏర్పడటం ఇక్కడే.

పరిమాణానికీ చుక్కల సాంద్రతకూ సంబంధం ఉంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరపై అంగుళానికి సుమారు 92 చుక్కలు వస్తాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోతుంది. బల్ల మీద దగ్గరగా కూర్చుని పాఠాలు చదివే విద్యార్థికి అక్షరాల అంచులు గరుకుగా కనిపించవచ్చు. 27 అంగుళాలు కావాలనుకుంటే క్వాడ్ హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీతో సరిపెట్టుకోదలిస్తే 24 అంగుళాలు అన్నది మేలైన సూత్రం. 2025లో 24 అంగుళాల వేగవంతమైన మానిటర్లు పది వేల రూపాయలకు అటూ ఇటూగాను, 27 అంగుళాల క్వాడ్ హెచ్‌డీ మానిటర్లు 15 నుంచి 20 వేల రూపాయల మధ్యనూ లభించాయి.

ఒక మిల్లీ సెకను కథ

చౌక శ్రేణిలో ప్రధానంగా రెండు రకాల ప్యానెళ్లు కనిపిస్తాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో రంగులు సహజంగా ఉండి, పక్క నుంచి చూసినా అంతగా మారవు. వీఏ ప్యానెల్‌లో నలుపు గాఢంగా ఉంటుంది. ఐపీఎస్‌లో తెలుపు నలుపుల నిష్పత్తి సుమారు వెయ్యికి ఒకటి కాగా, వీఏలో మూడు వేలకు ఒకటి వరకు ఉంటుంది. అయితే చౌక వీఏ తెరలపై చీకటి దృశ్యాలలో కదిలే వస్తువుల వెనుక మసక చార కనిపించడం పరిపాటి. చదువుకూ ఆటకూ ఒకే తెర వాడేవారికి ఐపీఎస్ అనుకూలం.

పెట్టెపై రాసే ఒక మిల్లీ సెకను స్పందన కాలాన్ని ఉన్నదున్నట్లుగా నమ్మరాదు. చుక్క ఒక రంగు నుంచి మరో రంగుకు మారే కాలం ఒక లెక్క. వెనుక దీపాన్ని ఆర్పి వెలిగించి మసకను తగ్గించే పద్ధతిలో కొలిచే కాలం మరో లెక్క. రెండవ పద్ధతిలో తక్కువ అంకె సాధించడం సులువు, కానీ దానిని వాడినప్పుడు తెర కాంతి తగ్గుతుంది.

హెచ్‌డీఆర్ అన్న ముద్ర కూడా ఇటువంటిదే. చాలా చౌక మానిటర్లు ఆ తరహా సంకేతాన్ని స్వీకరించగలవే తప్ప అందుకు తగిన కాంతిని ఇవ్వలేవు. మానిటర్ల ప్రమాణాలను రూపొందించే వీసా సంస్థ 2017 డిసెంబరులో దీనికై శ్రేణులను ప్రకటించింది. వాటిలో అట్టడుగున ఉన్నదే 400. ఆ మెట్టును కూడా అందుకోని మానిటర్‌కు హెచ్‌డీఆర్ పేరిట అదనంగా చెల్లించడం అనవసరం.

తప్పక చూడవలసిన సదుపాయం మరొకటి ఉంది. గ్రాఫిక్స్ కార్డు పంపే వేగానికి అనుగుణంగా తెర తన వేగాన్ని మార్చుకునే అడాప్టివ్ సింక్ వల్ల బొమ్మ చీలికలు కావడం తగ్గుతుంది. 2013లో ఎన్విడియా సంస్థ జీ-సింక్ పేరిట ఈ విధానాన్ని ప్రకటించినప్పుడు మానిటర్‌లో ప్రత్యేక పరికరం అమర్చవలసి వచ్చేది. దానివల్ల ధర పెరిగేది. 2015లో ఏఎండీ సంస్థ ఫ్రీసింక్‌తో ఆ అవసరం లేని మార్గాన్ని విపణిలోకి తెచ్చింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా అటువంటి మానిటర్లకు తన కార్డులతో పనిచేసే వీలు కల్పించింది. ధనికుల సొత్తుగా ఉన్న ఈ సదుపాయం సామాన్యుడికి అందింది ఈ పరిణామం వల్లనే.

బిల్లే రక్షణ

మానిటర్లకు భారత ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. వెనుక పట్టీపై ఉండే ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను ఆ సంస్థ బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఒకటి రెండు చుక్కలు పనిచేయకపోతే తెర మార్చి ఇస్తారా, లేదా అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది. అందుచేత డబ్బు చెల్లించక ముందే ఆ నిబంధనను అడిగి తెలుసుకోవాలి. వీలైతే దుకాణంలోనే తెరను వెలిగించి, పూర్తి నలుపు, పూర్తి తెలుపు బొమ్మలను చూపించమని కోరాలి. సేవా కేంద్రం పట్టణంలో ఉన్నదో లేదో కూడా విచారించాలి. చదువు ముగిసి స్వస్థలానికి వెళ్లేవారు అక్కడికి దగ్గరి కేంద్రం ఎక్కడో తెలుసుకోవడం మంచిది.

2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే చోటనే జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల వరకు విలువ గల కొనుగోళ్లపై ఫిర్యాదుకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. అయితే వీటన్నింటికీ ఆధారం బిల్లు. పన్ను తగ్గిస్తామన్న మాటకు లొంగి బిల్లు లేకుండా కొన్నవారు, మిగిలిందనుకున్న వందల రూపాయల కోసం వేల రూపాయల వస్తువుపై హక్కును బలహీనపరచుకున్నట్లే.

సారంలోని అద్దె గదిలో నాలుగేళ్లపాటు ఉండవలసిన తెర అది. రాత్రి గంట సేపు ఆటకు, పగలంతా చదువుకు అదే ఆధారం. యంత్రం శక్తికి తగిన వేగం, బల్లకు తగిన పరిమాణం, కంటికి ఇబ్బంది కలిగించని అక్షరం, చేతిలో సక్రమమైన బిల్లు. ఈ నాలుగూ కుదిరిన మానిటర్ అట్టపెట్టెపై పెద్ద అంకెలు లేకపోయినా లోటు లేదు. మిగిలిన సొమ్ము వచ్చే సెలవులకు యానాం వెళ్లిరావడానికి పనికివస్తుంది.